రక్తస్రావ పక్షవాతం: మిగలని మూలకణాలు ఎలుకలకు మేలు ఎలా చేస్తున్నాయి?

ప్రశ్న:
మెదడులో రక్తనాళం చిట్లి వచ్చే పక్షవాతానికి మూలకణ చికిత్సపై జరిగిన జంతు ప్రయోగాల పత్రాలు చదువుతున్నాను. ఎక్కించిన కణాల్లో కొన్ని వారాలకు మిగిలేవి కొద్దిగానే ఉంటాయనీ, వాటిలో నాడీకణాలుగా మారేవి మరీ తక్కువనీ రాసిన పత్రాలే ఎలుకల కదలికలు మెరుగుపడ్డాయని కూడా చెబుతున్నాయి. ఈ రెంటికీ పొత్తు కుదరడం ఎలా?

సమాధానం 1:
పోయిన నాడీకణాల స్థానాన్ని కొత్తవి భర్తీ చేస్తాయన్న తొలినాటి ఆశను పక్కన పెడితే మీ చిక్కు చాలావరకు విడిపోతుంది. రక్తపు గడ్డ మెదడును నొక్కడం మొదటి దెబ్బ మాత్రమే. ఆ తరువాత రక్తాన్ని గడ్డకట్టించే థ్రాంబిన్ అనే ఎంజైమ్, ఎర్రకణాలు పగిలినప్పుడు వెలువడే హీమోగ్లోబిన్, అందులోని ఇనుము కలిసి చుట్టుపక్కల కణజాలాన్ని రోజుల తరబడి దెబ్బతీస్తాయి. ఎముక మజ్జ నుంచో బొడ్డుతాడు నుంచో తీసిన మెసెంకైమల్ కణాలు (ఒక రకం మూలకణాలు) ఈ రెండో దశలో ఇన్‌ఫ్లమేషన్‌ను, అంటే దెబ్బకు శరీరం చూపే వాపు స్పందనను, తగ్గించే పదార్థాలనూ, నాడీకణాలను నిలబెట్టే ప్రోటీన్లనూ స్రవిస్తాయి. అందుకు అవి మెదడులో కాపురం పెట్టనక్కరలేదు. సిరలోకి ఎక్కించిన కణాలు ఎక్కువగా ఊపిరితిత్తుల్లోనూ ప్లీహంలోనూ చిక్కుకుంటాయి. 2008లో కొరియా పరిశోధకులు రక్తస్రావమైన 2 గంటలకు ఎలుకల సిరలోకి నాడీ మూలకణాలను ఎక్కించగా మెదడులో నీరు చేరడం తగ్గింది; ప్లీహాన్ని ముందే తీసేసిన ఎలుకల్లో మాత్రం ఆ ఫలితం కనబడలేదు. అంటే ఆ మేలులో ప్లీహానికీ పాత్ర ఉందన్నమాట.

సమాధానం 2:
పై వివరణతో ఏకీభవిస్తూనే, రక్తస్రావాన్ని ఎలా కలిగించారో కూడా చూడమంటాను. కొన్నిచోట్ల ఎలుక రక్తాన్నే దాని మెదడులోకి ఎక్కిస్తారు. మరికొన్నిచోట్ల కొల్లాజినేజ్ అనే ఎంజైమ్‌తో రక్తనాళాల గోడలను కరిగిస్తారు. ఆ ఎంజైమే ఇన్‌ఫ్లమేషన్‌ను రేపగలదు కనుక, దాన్ని అణచే చికిత్స అక్కడ ఉన్నదానికన్నా గొప్పగా కనబడవచ్చు. కొలతల సంగతీ అంతే. మూల పరీక్షలో (కార్నర్ టెస్ట్) రెండు పలకలు కలిసే ఇరుకు మూలలోకి ఎలుకను నడిపిస్తారు: ఆరోగ్యంగా ఉన్నది ఇటూ అటూ తిరుగుతుంది, మెదడు కుడివైపు దెబ్బతిన్నది పదే పదే కుడికే తిరుగుతుంది. చికిత్స అందని ఎలుకలు కూడా వారాలు గడిచేకొద్దీ కొంత కోలుకుంటాయి. అందువల్ల లెక్క రాసిన వ్యక్తికి ఏ ఎలుక ఏ గుంపుదో తెలియకుండా ఉంచారా అన్నదే నేను ముందుగా వెతుకుతాను.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మరి ఈ ఫలితాలు మనుషుల దాకా వస్తాయనుకోవచ్చా?

సమాధానం 2:
అంత తేలిక కాదు. మూలకణాలు కాకపోయినా, ఇదే రక్తస్రావానికి ప్రయత్నించిన ఒక మందు సంగతి చూడండి: ఇనుమును బంధించే డిఫెరాక్సమిన్ ఎలుకల్లోనూ పందిపిల్లల్లోనూ చక్కగా పనిచేసింది. 2019లో వెలువడిన మానవ పరీక్షలో మాత్రం 90 రోజులకు ఆశించిన మేలు రుజువు కాలేదు. ప్రయోగాల్లోని ఎలుకలు సాధారణంగా వయసులో ఉన్న ఆరోగ్యవంతమైనవి. రోగులు చాలామంది ఏళ్ల తరబడి రక్తపోటుతో ఉన్న పెద్దవారు. పైగా ఎలుక మెదడులో తెల్ల పదార్థం (నాడీ తంతువులుండే భాగం) వాటా మనిషి మెదడులోకన్నా బాగా తక్కువ. కాబట్టి ముసలి ఎలుకలకు, రక్తపోటు ఉన్న ఎలుకలకు, అదీ రక్తస్రావమైన ఒకటి రెండు రోజుల తరువాత కణాలు ఎక్కించిన పత్రాలుంటే ముందు వాటిని చదవండి.