కొత్త వంటింటికి పాత కళ: పాతిక వేలలో వస్తుందా?

శరణ్య_మియాపూర్:
మాది సొంత ఫ్లాటు. వంటింట్లో నల్ల గ్రానైటు గట్టు, తెల్ల లామినేటు తలుపులు, మెరిసే టైల్సు. మా అపార్టుమెంటులో ఏ తలుపు తట్టినా ఇదే వంటిల్లు. అమ్మమ్మగారి వంటింటి తీరు కొంతైనా తేవాలని ఉంది. పాతిక వేలు దాటకూడదు. ఇత్తడి సామాను కొనాలా, నేలకు ఆత్తంగుడి పలకలు వేయించాలా, తలుపుల రంగు మార్చాలా? మావారు మాత్రం డబ్బు దండగ అంటున్నారు.

వడ్రంగి_మనుమడు:
ముందు లైటు మార్చండి. 6500 కెల్విన్ తెల్ల ట్యూబులైటు కింద ఏ పాత వస్తువుకూ కళ రాదు. 2700 కెల్విన్ పసుపు వెలుతురు బల్బు పెట్టి, కూరలు తరిగే చోట మాత్రం తెల్ల వెలుతురు ఉంచుకోండి. తర్వాత స్టీలు హ్యాండిళ్లు తీసి ఇత్తడివి బిగించండి. కొనేముందు స్క్రూ రంధ్రాల మధ్య దూరం కొలవండి. చాలావాటికి 96 లేదా 128 మిల్లీమీటర్లు ఉంటుంది. అది కలిస్తే కొత్త రంధ్రాలు అక్కర్లేదు. లామినేటు మీద నేరుగా రంగు వేస్తే పెచ్చులు లేస్తుంది. ఉప్పుకాగితంతో రుద్ది, ప్రైమరు పూసి, ఆపైన వేయాలి.

పెద్దగంగాళం:
బల్బులు, హ్యాండిళ్లు సినిమా సెట్టుకు సరిపోతాయి. పాతదనం వస్తువులో ఉండాలి. బేగంబజారుకు వెళ్లి ఒక గుండిగ, ఒక బిందె, రెండు మరచెంబులు తూకానికి కొనండి. పై వరుసలో రెండు తలుపులు ఊడదీసి వాటిని అక్కడ పేర్చండి. వంటిల్లు దానంతట అదే మారుతుంది.

నాపరాయి:
శరణ్యగారూ, ఆత్తంగుడి పలకలు వంటింటికి వద్దు. తమిళనాడులోని శివగంగ జిల్లాలో వాటిని గాజు పలక మీద రంగు సిమెంటు పోసి చేస్తారు, నీళ్లలో నానబెడతారు, బట్టీలో కాల్చరు. చింతపండు పులుసు, నిమ్మరసం పడితే సిమెంటు మీద మచ్చ తేలుతుంది. పైగా ఉన్న టైల్సు పగలగొట్టడానికే మీ డబ్బు సగం పోతుంది.
గంగాళంగారూ, తలుపులు ఊడదీస్తే తాలింపు జిడ్డు ఎక్కడికి పోతుందండీ? వారం తిరిగేసరికి ఇత్తడి మీద జిడ్డు, దాని మీద దుమ్ము. సరే, ఆ గుండిగకు లోపల కళాయి, అదే తగరం పూత, ఉందా?

పెద్దగంగాళం:
అలమరలో పెట్టే గుండిగకు కళాయి ఎందుకండీ!

నాపరాయి:
ఇంట్లో ఉన్న గిన్నె ఏదో ఒకరోజు పొయ్యి ఎక్కుతుంది. పండగ పూట పెద్ద గిన్నె చాలక ఎవరో ఒకరు దాన్ని దించి పులిహోర కలుపుతారు. కళాయి లేని ఇత్తడిలో పులుపు చిలుమెక్కుతుంది, తింటే కడుపులో తిప్పుతుంది.

పెద్దగంగాళం:
అయితే కళాయి వేయించండి. గిన్నె కాల్చి, నవాసాగరం చల్లి, తగరం కడ్డీ తాకించి, గుడ్డతో ఒక్క తిప్పు తిప్పితే లోపలంతా వెండిలా మెరుస్తుంది. మా వీధిలో ఆ తెల్ల పొగ చూడటానికి పిల్లలందరం మూగేవాళ్లం.

నాపరాయి:
ఆ తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. గ్యాసు మంట మీద ఖాళీ గిన్నె మరిచిపోతే కళాయి జారిపోతుంది. ఇప్పుడు వేసేవాళ్లు ఎన్ని వీధులకు ఒకరున్నారు?

చిట్టిజాడీ:
ఆవిడ అడిగింది వంటిల్లు, మీరిద్దరూ కళాయి దుకాణం తెరిచారు.

పెద్దగంగాళం:
నవ్వండి. మా అమ్మ కాపురానికి తెచ్చుకున్న ఇత్తడి సామాను మొత్తం మా మరదలు స్టీలు గిన్నెలవాడికి వేసేసింది. అందులో అమ్మ పేరు చెక్కిన బిందె ఉంది. అంత ఇత్తడికి వచ్చినవి నాలుగు స్టీలు డబ్బాలు! అడిగితే “తోమలేక వేశాను బావగారూ” అంది. మీలాంటివాళ్ల వల్లే ఇళ్లన్నీ ఇలా బోసిపోయాయి.

నాపరాయి:
మీలాంటివాళ్లు అంటే ఎవరు? తోమిన వాళ్లేనా?
నేను కాపురానికి వెళ్లిన ఇంట్లో రోజూ రెండు బిందెలు, వారానికోసారి గంగాళం. చింతపండు పిప్పి, ఇటుక పొడి, కొబ్బరిపీచు. గోళ్ల కింద నలుపు పోయేది కాదు, వేళ్ల సందులు పుళ్లు. ఆ మెరుపు చూసి వచ్చినవాళ్లు మా మామగారిని మెచ్చుకునేవారు. మీ అమ్మగారి బిందె మీరు ఎన్నిసార్లు తోమారో చెప్పండి, తర్వాత మీ మరదలి సంగతి మాట్లాడదాం.

చిట్టిజాడీ:
ఇప్పుడు తోమే పొడులు వచ్చాయి కదండీ.

నాపరాయి:
పొడి వచ్చింది, తోమే చేయి మారిందా? ఇక్కడ ఆ చేయి పనిమనిషిది అవుతుంది, అంతే.

పెద్దగంగాళం:
తోమలేదు. ఒప్పుకుంటున్నాను. కానీ అమ్మేముందు ఒక్క మాట అడిగి ఉంటే బస్సెక్కి వెళ్లి నేనే తెచ్చుకునేవాడిని. ఆ ఇంట్లో నాకూ భాగం ఉందని ఎవరికీ తోచలేదు.

నాపరాయి:
అది మీ తమ్ముడిని అడగాల్సిన మాట. బిందె తూకం వేసేటప్పుడు ఆయన ఇంట్లో లేరా?

వడ్రంగి_మనుమడు:
శరణ్యగారూ, ఇత్తడే కావాలంటే ఒక్క వస్తువు చాలు, పొయ్యికి దూరంగా పెట్టండి. పైన పారదర్శకమైన లాక్కరు కొట్టిస్తే నల్లబడటం తగ్గుతుంది. అయితే అందులో ఇక వంట చేయకూడదు.

శరణ్య_మియాపూర్:
పని చేసే అక్కను అడిగాను. ఇత్తడి పెడితే నెలకు మూడు వందలు అదనం అంది, న్యాయమే అనిపించింది. నేల జోలికి వెళ్లడం లేదు. బల్బులు, హ్యాండిళ్లు, మూడు పచ్చడి జాడీలు, ఒక ఇత్తడి బిందె. ఆదివారాలు బిందె తాను తోముతానని మావారు అన్నారు. చూడాలి.

పెద్దగంగాళం:
సంతోషం. బిందెకు కళాయి అక్కర్లేదు, మంచినీళ్లకే కదా.

నాపరాయి:
మంచినీళ్లకైనా వేయించండి. వేసవిలో ఎవరో ఒకరు అందులో మజ్జిగ పోస్తారు.