అమ్మాయి ఇంజినీరింగ్ చదువుకు స్కాలర్‌షిప్‌లు: దరఖాస్తు చేసి చూసినవారు దయచేసి చెప్పగలరు

సూర్యాపేట నాన్న:
అందరికీ నమస్కారం. మా పెద్దమ్మాయి ఇంటర్ ఎంపీసీ 912 మార్కులతో పూర్తిచేసి, ఎప్‌సెట్‌లో ముప్పై ఒక్క వేల ర్యాంకుతో హైదరాబాదు శివార్లలోని ఒక ప్రైవేటు కాలేజీలో సీటు తెచ్చుకుంది. మేము బీసీలం. నాకు చిన్న టైలరింగ్ షాపు ఉంది, మీసేవలో తీసిన ఆదాయ పత్రంలో ఏడాదికి 1,20,000 అని ఉంది. కాలేజీ ఫీజు 95 వేలు. ఫీజు రీయింబర్స్‌మెంట్ కింద 35 వేలు పోను మిగతా 60 వేలు మేమే కట్టుకోవాలని కౌన్సెలింగులో చెప్పారు. ఆడపిల్లలకు ప్రత్యేకమైన స్కాలర్‌షిప్‌లంటూ వాట్సాప్‌లో నలభై పేర్ల జాబితా ఒకటి తిరుగుతోంది. అందులో మాకు పనికొచ్చేవేవో తెలియడం లేదు. నెట్ సెంటరు అతనేమో అన్నీ తానే నింపి, డబ్బు వచ్చేలా చూస్తానని మూడు వేలు అడుగుతున్నాడు.

పాలమూరు అక్క:
అన్నయ్య గారూ, ఆ మూడు వేలు మాత్రం ఇవ్వకండి. ఫారం నింపినందుకు వందో రెండొందలో తీసుకుంటే తప్పులేదు గానీ, డబ్బు వచ్చేలా చూడడం ఏ నెట్ సెంటరు చేతిలోనూ లేదు. జాబితాలో మీరు ముందుగా చూడవలసింది ఏఐసీటీఈ (సాంకేతిక కాలేజీలకు గుర్తింపు ఇచ్చే కేంద్ర సంస్థ) వారి ప్రగతి స్కాలర్‌షిప్. ఏఐసీటీఈ గుర్తింపు ఉన్న కాలేజీలో డిగ్రీ గానీ డిప్లొమా గానీ మొదటి సంవత్సరంలో చేరిన అమ్మాయిలకు, లేదా లేటరల్ ఎంట్రీలో రెండో సంవత్సరంలో చేరినవారికి, ఏడాదికి 50 వేలు ఇస్తారు. కుటుంబ ఆదాయం 8 లక్షలు దాటకూడదు, ఒక ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల వరకే ఇస్తారు. ఎంపిక ఇంటర్ మార్కుల మీదనే జరుగుతుంది, ఎప్‌సెట్ ర్యాంకుతో సంబంధం లేదు. మా అమ్మాయికి మొదటి ఏడాది వచ్చింది, ఆ తర్వాత ఏటా రెన్యువల్ చేసుకుంటూ వచ్చాము. దరఖాస్తు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లోనే చేయాలి.

పాలిటెక్నిక్ మాస్టారు:
పద్ధతిగా చెప్పారు. కాలేజీ వైపు నుంచి ఈ దరఖాస్తులను పరిశీలించే పని నేను కొన్నేళ్లు చేశాను కనుక రెండు మాటలు చేరుస్తాను. పిల్లలు సబ్మిట్ నొక్కగానే పని అయిపోయిందనుకుంటారు. నిజానికి ఆ దరఖాస్తు మొదట కాలేజీ నోడల్ అధికారి లాగిన్‌లోకి వస్తుంది, ఆయన ఆమోదించకపోతే అక్కడే ఆగిపోతుంది. ఏదైనా పత్రం తేడాగా ఉంటే లోపం ఉందని వెనక్కి పంపుతారు, దాన్ని సరిదిద్దడానికి ఇచ్చే గడువు చాలా తక్కువ. అందుకని ప్రింటు, బోనఫైడ్, ఆదాయ పత్రం, ఇంటర్ మెమో పట్టుకొని మీ అమ్మాయి స్వయంగా ఆఫీసుకు వెళ్లి, తన ఎదురుగానే ఆమోదం చేయించుకోవడం మంచిది.

మన పిల్లలకు తరచు వచ్చే చిక్కు పేరు దగ్గర. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పదో తరగతి మెమోలో పూర్తిగా ఉంటుంది, బ్యాంకు పుస్తకంలో చివరికి వెళ్లిపోతుంది. పోర్టల్‌లో ఒక్కసారి మాత్రమే చేసే రిజిస్ట్రేషన్ ఆధార్ ఆధారంగానే జరుగుతుంది కాబట్టి, దరఖాస్తుకు ముందే ఆధార్‌ను మెమో ప్రకారం దిద్దించుకోండి.

అదే పోర్టల్‌లో ఉండే కేంద్ర ప్రభుత్వ సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ గురించి కూడా చాలామంది అడుగుతారు. ఏటా 82,000 మందికి కొత్తగా ఇస్తారు, అందులో సగం అమ్మాయిలకే. ఇంటర్ బోర్డులో 80 పర్సంటైల్ పైన ఉండాలి, ఆదాయం నాలుగున్నర లక్షలలోపు ఉండాలి. 80 పర్సంటైల్ అంటే 80 శాతం మార్కులు కాదు, పరీక్ష రాసినవారిలో పై ఐదో వంతులో ఉండడం. ఆ తేడా తెలియక అర్హులే మానేస్తుంటారు. డిగ్రీ మొదటి మూడేళ్లు ఏటా 12,000 వస్తుంది. కానీ రాష్ట్ర ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకునేవారికి ఇది వర్తించదు, కనుక మీ లెక్కలో ఇది నష్టమే.

సూర్యాపేట నాన్న:
మాస్టారూ, అయితే ప్రగతికీ ఇదే ఇబ్బంది ఉంటుందా?

పాలిటెక్నిక్ మాస్టారు:
ఉంటుందండీ. వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్ అందుకుంటూ ప్రగతి తీసుకోకూడదన్నది షరతు.

పాలమూరు అక్క:
రీయింబర్స్‌మెంట్ వదులుకున్నా ప్రగతి 50 వేలు కాబట్టి 15 వేలు ఎక్కువే కదా అని నేను అనుకున్నాను.

నల్లగొండ లెక్కలు:
కాగితం మీద ఎక్కువే గానీ, అక్క గారూ, డబ్బు ఎప్పుడు ఎవరి చేతికి వస్తుందో కూడా చూడాలి. రీయింబర్స్‌మెంట్ సొమ్ము కాలేజీ ఖాతాకు వెళ్తుంది కనుక ఆ 35 వేలు చేరేటప్పుడు సాధారణంగా మనల్ని కట్టమనరు. ప్రగతి సొమ్ము అమ్మాయి ఖాతాలో, అదీ చదువు మొదలైన చాలా నెలలకు పడుతుంది. అంటే ఈ అన్నయ్య గారు ముందుగా 60 వేలు కాదు, 95 వేలు కట్టాల్సి వస్తుంది. ఆ 35 వేలు మూడు రూపాయల వడ్డీకి తెస్తే ఏడాదికి 12,600 పోతుంది, 15 వేల లాభంలో మిగిలేది 2,400. చేతిలో డబ్బు ఉన్నవారికి ప్రగతి మేలు, లేనివారు ఆలోచించుకోవాలి. నేను మా చెల్లెలికి రీయింబర్స్‌మెంటే ఉంచాను, ఇప్పటికీ అది సరైన నిర్ణయమనే అనుకుంటున్నాను.

ఒక్క హెచ్చరిక. చెల్లెలి కోర్సు పూర్తయ్యాక, రీయింబర్స్‌మెంట్ బకాయి రాలేదంటూ కాలేజీవారు మెమోలు ఆపి, ఆ సొమ్ము మా చేత కట్టించుకున్నారు. ప్రతి రసీదూ జాగ్రత్త చేసుకోండి.

సర్కారు బడి అమ్మాయి:
నాది ఇంజినీరింగ్ కాదు, బీఎస్సీ. అయినా ఈ చర్చ చదివే వేరే అమ్మాయిలకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను. పదో తరగతి ప్రభుత్వ బడిలోను, ఇంటర్ ప్రభుత్వ జూనియర్ కాలేజీలోను చదివిన తెలుగు రాష్ట్రాల అమ్మాయిలకు సంతూర్ సబ్బుల కంపెనీ వారి స్కాలర్‌షిప్ ఉంది. నాకు ఏడాదికి 24 వేలు వచ్చింది. హాస్టలు ఫీజు కట్టింది దానితోనే.

అయితే మొదటి విడత డబ్బు నాలుగు నెలలు కనిపించలేదు. మా అమ్మ పాసుపుస్తకం కొంగులో చుట్టుకొని మూడుసార్లు బ్యాంకుకు వెళ్లింది. మూడోసారి కౌంటరు దగ్గరి మేడమ్ కంప్యూటరులో చూసి, సంస్థకు నేను రాసిచ్చిన ఖాతా సంఖ్యలో ఒక సున్నా తక్కువ ఉందని చెప్పింది. ఆ తర్వాత ప్రభుత్వ స్కాలర్‌షిప్ విషయంలో మా స్నేహితురాలికి ఇంకో రకంగా జరిగింది. సిమ్ కార్డు కొన్నప్పుడు దుకాణంలో వేలిముద్ర వేయించుకొని తెరిచిన ఒక చిన్న ఖాతాకు ఆమె ఆధార్ అనుసంధానం మారిపోయింది. డబ్బు అందులో పడి ఉంది, ఆ సంగతి ఆమెకే తెలియదు. ఆధార్ మీద పంపే డబ్బు ఆఖరున ఏ బ్యాంకుకు అనుసంధానమైతే అక్కడికే వెళ్తుంది, ఫారంలో మనం ఏ ఖాతా రాసినా సరే.

పాలమూరు అక్క:
అన్నయ్య గారూ, కోటక్ సంస్థ అమ్మాయిలకు ఇచ్చే కోటక్ కన్య స్కాలర్‌షిప్ కూడా చూడండి. ఇంటర్‌లో 75 శాతం, ఆదాయం 6 లక్షలలోపు ఉండి, నాక్ (కాలేజీల నాణ్యతకు గ్రేడు ఇచ్చే సంస్థ) గానీ ఎన్‌ఐఆర్‌ఎఫ్ (కేంద్రం ఇచ్చే కాలేజీల ర్యాంకులు) గానీ గుర్తింపు ఉన్న కాలేజీలో ప్రొఫెషనల్ కోర్సు మొదటి ఏడాదిలో చేరినవారికి ఏడాదికి లక్షన్నర దాకా ఇస్తారు. పోటీ విపరీతంగా ఉంటుంది, ఇంటర్వ్యూ కూడా ఉంటుంది. ప్రైవేటు సంస్థ ఇచ్చేది కాబట్టి, రీయింబర్స్‌మెంట్‌తో కలిపి తీసుకోవచ్చో లేదో షరతులు చదివి నిర్ధారించుకోండి.

సూర్యాపేట నాన్న:
అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఈరోజు అమ్మాయినీ వాళ్ల అమ్మనూ తీసుకొని బ్యాంకుకు వెళ్లాను. ఆధార్ నిజంగానే వేరే బ్యాంకుకు అనుసంధానమై ఉంది. ఫారం నింపి ఇచ్చాము, రెండు మూడు రోజుల్లో మారుతుందన్నారు. ముందుగా 95 వేలు కట్టే స్తోమత నాకు లేదు కాబట్టి రీయింబర్స్‌మెంటే ఉంచుకొని, కోటక్ కన్యకు దరఖాస్తు చేస్తున్నాము. కాలేజీకి నాక్ గుర్తింపు ఉందని అమ్మాయి చూసి చెప్పింది. చిన్నమ్మాయి ఇప్పుడు సర్కారు బడిలో పదో తరగతి చదువుతోంది. దాన్ని ఊళ్లోని ప్రభుత్వ జూనియర్ కాలేజీలోనే చేర్పించాలా అని ఇంట్లో ఇప్పటికే మాట్లాడుకుంటున్నాము.