చూపు తక్కువ, ఎం.ఏ. ఎకనామిక్స్‌లో సీటు వచ్చింది: క్లాసులు మొదలయ్యేలోపు యూనివర్సిటీని ఏమేం అడగాలి?

అడిగినవారు: కొత్త పీజీ విద్యార్థిని

అందరికీ నమస్కారం. మాది మిర్యాలగూడ దగ్గర ఒక ఊరు. డిగ్రీ తెలుగు మీడియంలో చదివాను. ఈ ఏడాది ఒక స్టేట్ యూనివర్సిటీ క్యాంపస్‌లో ఎం.ఏ. ఎకనామిక్స్ సీటు వచ్చింది. నాకు రెటినైటిస్ పిగ్మెంటోసా అనే కంటి జబ్బు ఉంది. చిన్నప్పుడు రేచీకటితో మొదలైంది. ఇప్పుడు ఎదురుగా ఉన్నది కొంత కనిపిస్తుంది, పక్కలకు ఏమీ కనిపించదు. ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసుకుని కాసేపు చదివితే కళ్లు మండుతాయి. సదరం సర్టిఫికెట్, యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు) కార్డు రెండూ ఉన్నాయి.

డిగ్రీ కాలేజీ మా ఊరి పక్కనే. లెక్చరర్లంతా తెలిసినవాళ్లు, ఎవరో ఒక స్నేహితురాలు చదివి వినిపించేది. ఇక్కడ ఎవరూ తెలియదు. అడ్మిషన్ రోజు ఆఫీసులో అడిగితే "పరీక్షలప్పుడు స్క్రైబ్‌ను ఇస్తాం, అప్పుడు రామ్మా" అన్నారు (మనం చెబితే జవాబులు రాసిపెట్టే మనిషే స్క్రైబ్). అంతేనా? రాత్రిళ్లు నాకు అసలు కనిపించదు కాబట్టి నాన్న హాస్టల్ అంటేనే భయపడుతున్నారు. ఎవరిని, ఏం అడగాలి? ఎక్కువ అడిగితే డిపార్ట్‌మెంట్‌లో చెడ్డపేరు వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: హనుమకొండ లెక్చరర్

అమ్మా, సీటు వచ్చినందుకు చాలా సంతోషం. నాకు పుట్టుకతోనే చూపు లేదు. నేనూ ఎకనామిక్సే చదివాను, ఇప్పుడు ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో అదే చెబుతున్నాను. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా వినండి.

స్క్రైబ్ సంగతి ఆఫీసువాళ్లే ఎత్తారు కాబట్టి దాన్ని కాసేపు పక్కన పెడదాం. రాసే మనిషి దొరుకుతారు. చెప్పి రాయించడానికి మన బుర్రలో చదువు ఉండాలి కదా? సెమిస్టర్ అంతా చేతిలో చదవగలిగే పుస్తకం లేకపోతే చివర్లో స్క్రైబ్ పక్కన కూర్చుని ఏం చెబుతాం? మన పిల్లలు పీజీలో వెనకబడేది ఎక్కువగా ఇక్కడే అని నా గట్టి నమ్మకం. కాబట్టి మొదట అడగాల్సింది చదువుకునే మెటీరియల్.

హెచ్ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) గారికి ఒక పేజీ దరఖాస్తు రాయండి. ప్రతి పేపర్‌లో చెప్పబోయే పుస్తకాల పేర్లు, నోట్సు, స్లైడ్లు క్లాసుకు ముందే సాఫ్ట్ కాపీగా కావాలని అడగండి. ఎలాంటి సాఫ్ట్ కాపీయో కూడా అందులోనే రాయండి: వర్డ్ ఫైలు గానీ, అక్షరాలు సెలెక్ట్ అయ్యే పీడీఎఫ్ గానీ. ఈ తేడా చాలామంది సార్లకు తెలియదు. మంచి మనసుతోనే పేజీల ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెడతారు. తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు ఆ ఫోటో ఖాళీ కాగితంతో సమానం.

తెలుగు పుస్తకాలతో ఇంకో పెద్ద చిక్కుంది. అను లాంటి పాత డీటీపీ ఫాంట్లలో కంపోజ్ చేసిన పీడీఎఫ్ కళ్లతో చూస్తే చక్కటి తెలుగే. లోపల దాచి ఉన్నవి మాత్రం ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు. వాటికి తెలుగు ఆకారం ఇచ్చేది ఫాంటు. స్క్రీన్ రీడర్ లోపలున్న దాన్నే చదువుతుంది కాబట్టి మనకు అర్థం లేని చప్పుళ్లు వినిపిస్తాయి. తెలుగు అక్షరాలను తెలుగుగానే దాచే యూనికోడ్‌లో టైపు చేసిన ఫైలైతే ఈ బాధ లేదు. పాత ఫాంటు పీడీఎఫ్ చేతికొస్తే పేజీలను జేపీజీ బొమ్మలుగా మార్చి, గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, గూగుల్ డాక్స్‌తో తెరవండి. తెలుగు అక్షరాలను అది గుర్తుపట్టి టెక్స్ట్‌గా ఇస్తుంది. పట్టికలు, ఫార్ములాలు చెదిరిపోతాయి, వాటిని చూపున్న స్నేహితులతో సరిచూపించుకోవాలి. ఈ పని ఎవరు చేసిపెడతారన్నది కూడా దరఖాస్తులోనే అడగండి. లైబ్రరీవాళ్లు చేయొచ్చు, డిపార్ట్‌మెంట్‌లో ఒక రీసెర్చ్ స్కాలర్‌కు అప్పగించొచ్చు. ఆ భారమంతా మీ మీద పడితే చదవడానికి టైం మిగలదు.

కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ వేసుకోండి. పూర్తిగా ఉచితం. చూపులేని ఇద్దరు ఆస్ట్రేలియా యువకులు, మైఖేల్ కరన్, జేమ్స్ టే, తయారుచేసింది, 2006లో మొదలైంది. తెలుగూ చదువుతుంది. ఆ గొంతు మొదట్లో మరమనిషి గొంతులా ఇబ్బంది పెడుతుంది, కొన్నాళ్లకు చెవి అలవాటు పడుతుంది. ఫోన్‌లో అదే పని చేసే టాక్‌బ్యాక్ ఎలాగూ ఉంటుంది. మీ జబ్బు మెల్లగా పెరిగేదని మీకూ తెలుసు కాబట్టి దాచకుండా చెబుతున్నాను: ఈ కొంచెం చూపు ఉండగానే కీబోర్డుతో, చెవులతో చదవడం నేర్చుకోండి. హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో లో విజన్ (తక్కువ చూపు), పునరావాస విభాగాలున్నాయి. క్లాసులు మొదలయ్యేలోపు ఒకసారి వెళ్లిరండి. చేతికర్ర వాడటం నేర్చుకోవడం గురించి కూడా అక్కడ అడగండి. ఇంగ్లిషు పుస్తకాల కోసం సుగమ్య పుస్తకాలయలో సభ్యత్వం తీసుకోండి. అది 2016లో మొదలైన ఆన్‌లైన్ లైబ్రరీ, లో విజన్ ఉన్నవాళ్లకూ సభ్యత్వం ఇస్తారు.

ఇక చెడ్డపేరు గురించి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్‌లో పరీక్షా విధానంలో మార్పులు, అదనపు సమయం, స్క్రైబ్ అన్నీ రాసే ఉన్నాయి. ఒకరి దయ మీద ఆధారపడే విషయం కాదిది. క్లాసు చెప్పేవాడిగా ఇంకో మాట చెబుతాను. జూన్‌లోనే వచ్చి అడిగిన విద్యార్థికి నేను అన్నీ సమకూర్చగలను. పరీక్షలకు వారం ముందు తెలిస్తే నా చేతుల్లో ఏమీ ఉండదు, ఆ బిడ్డ ముఖం గుర్తొచ్చి నాకు నిద్ర పట్టదు. ముందే అడగండి.

జవాబు: గుంటూరు వీల్‌చైర్

చెల్లీ, నేను హాస్టల్ గురించి మాత్రమే చెబుతాను. గదులు కేటాయించకముందే వార్డెన్‌కు, ఒక కాపీ రిజిస్ట్రార్‌కు దరఖాస్తు ఇవ్వు. గ్రౌండ్ ఫ్లోర్ గది, బాత్రూంకు దగ్గరగా. నీకు ముఖ్యం లైట్లు: వరండా, బాత్రూం, మెస్ దారి, లైబ్రరీ నుంచి హాస్టల్ దాకా రోడ్డు. మెట్ల అంచులకు పసుపు రంగు గీతలు వేయించమని అడుగు, అది పెద్ద ఖర్చేమీ కాదు.

నేను చదివిన చోట ర్యాంపు ఉండేది, కానీ ఇద్దరు వెనక నుంచి తోస్తే తప్ప ఎక్కలేనంత నిటారుగా కట్టారు. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలన్నది ప్రమాణం. ఇలాంటి ప్రమాణాలు ఒట్టి సలహాలుగా ఉంటే చాలదని, తప్పనిసరి చేయాలని 2024 నవంబరులో రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దరఖాస్తులో ఆ మాట రాయి.

మీ నాన్నగారిని ఒకసారి పొద్దుపోయాక క్యాంపస్‌కు తీసుకెళ్లు. నువ్వు రోజూ నడవబోయే దారిలో ఇద్దరూ నడవండి. ఎక్కడెక్కడ చీకటిగా ఉందో ఆయనే చూసి చెబుతారు, అవే దరఖాస్తులో రాసుకోవచ్చు.

జవాబు: పరీక్షల విభాగం ఉద్యోగి

పై ఇద్దరూ బాగా చెప్పారు. నేను ఒక యూనివర్సిటీ ఎగ్జామినేషన్ బ్రాంచిలో పనిచేస్తాను, మా వైపు సంగతి చెబుతాను. నోటిమాటగా చెప్పింది మా దగ్గర నిలవదు. సీటులో మనిషి మారితే కొత్తవారికి ఏమీ తెలియదు. దరఖాస్తును ఇన్‌వార్డులో (వచ్చిన కాగితాలు నమోదు చేసే సీటులో) ఇచ్చి, మీ కాపీ మీద నంబరు, ముద్ర వేయించుకోండి. యూడీఐడీ కార్డు జిరాక్స్ జతచేయండి. స్క్రైబ్, అదనపు సమయం సెమిస్టర్ పరీక్షలకే కాదు, ఇంటర్నల్స్‌కు (మధ్యలో పెట్టే పరీక్షలకు) కూడా కావాలని స్పష్టంగా రాయండి. ఇంటర్నల్స్ డిపార్ట్‌మెంట్‌లో జరుగుతాయి, అక్కడే అదనపు సమయం మర్చిపోతుంటారు.

2018 ఆగస్టులో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలి. అంటే మూడు గంటల పేపర్‌కు ఇంకో గంట. యూనివర్సిటీ ఇచ్చే స్క్రైబ్ అయితే పరీక్షకు రెండు రోజుల ముందు మీరు కలిసి చూసుకోవచ్చు. పెద్ద అక్షరాల ప్రశ్నపత్రం గానీ, కంప్యూటర్‌లో రాయడం గానీ కోరుకోవచ్చు, దీన్ని అడిగేవాళ్లే తక్కువ. స్క్రైబ్ చదువు ఎంతవరకు ఉండొచ్చన్న నిబంధన మారుతూ ఉంటుంది. ఆ ఏడాది అమల్లో ఉన్న కాగితం అడిగి తీసుకోండి. లేకపోతే పరీక్ష రోజు గేటు దగ్గర మీ స్క్రైబ్‌ను ఆపేసే ప్రమాదం ఉంది.

అడిగినవారు: కొత్త పీజీ విద్యార్థిని

సర్, అక్కా, అందరికీ చాలా కృతజ్ఞతలు. ఇన్ని ఉన్నాయని నాకు తెలియదు. ఇంకో రెండు సందేహాలు. ఒక సీనియర్‌ను అడిగితే "పుస్తకం స్కాన్ చేసి ఇస్తే కాపీరైట్ కేసవుతుంది, లైబ్రరీలో ఒప్పుకోరు" అంది. నిజమేనా? రెండోది, ఎకనామిక్స్ నిండా గ్రాఫులే కదా సర్, మీరు ఎలా చదివారు?

జవాబు: హనుమకొండ లెక్చరర్

కాపీరైట్ భయం వద్దు. 2012లో చట్టాన్ని సవరించి 52వ సెక్షన్‌లో ఒక మినహాయింపు చేర్చారు. మామూలు పుస్తకం చదవలేని వికలాంగుల చదువు కోసం, లాభం చూసుకోకుండా, పుస్తకాన్ని వాళ్లు చదవగలిగే రూపంలోకి మార్చి ఇవ్వొచ్చు. లైబ్రేరియన్ గారికి ఇచ్చే దరఖాస్తులో 52(1)(జెడ్‌బీ) అని రాయండి, ఆయన తీసి చూసుకుంటారు.

గ్రాఫుల సంగతి. కాగితం కింద మెత్తటి రబ్బరు షీటు పెట్టి బాల్‌పెన్నుతో గట్టిగా గీస్తే వెనకవైపు గీత తేలుతుంది, వేలితో తడిమి చూడొచ్చు. ఎడమ కుడి తారుమారవుతాయి కాబట్టి గీసేవాళ్లు దాన్ని తిప్పి గీయాలి. నా స్నేహితులు అలాగే గీసి ఇచ్చేవారు. ఆకారం ఒకసారి వేలికి తెలిశాక మాటల్లో పెట్టుకోవడం అలవాటు చేసుకోండి. ఆదాయం, వడ్డీ రేటు ఎక్కడ కుదురుతాయో రెండు రేఖలతో చూపే ఐఎస్-ఎల్ఎం గ్రాఫు తీసుకుంటే: అడ్డం అక్షం ఆదాయం, నిలువు అక్షం వడ్డీ రేటు, ఐఎస్ ఎడమ నుంచి కుడికి దిగుతుంది, ఎల్ఎం ఎక్కుతుంది, ప్రభుత్వ ఖర్చు పెరిగితే ఐఎస్ కుడికి జరుగుతుంది, ఆదాయమూ వడ్డీ రేటూ రెండూ పెరుగుతాయి. స్క్రైబ్‌కు కూడా ఇదే వరసలో చెప్పాలి: ముందు అక్షాలు, తర్వాత రేఖలు, ఆఖరున అవి కలిసే చోటు. స్క్రైబ్‌తో పరీక్షకు ముందే రెండు మూడు గ్రాఫులు వేయించి చూడండి. ప్రశ్న మొత్తం బొమ్మ మీదే ఆధారపడి ఉంటే దాని బదులు వేరే ప్రశ్న ఇవ్వాలని ఆ 2018 మార్గదర్శకాల్లోనే ఉంది, పరీక్షల విభాగానికి ఇచ్చే దరఖాస్తులో అదీ చేర్చండి.

మైక్రో, మాక్రో పేపర్ల గ్రాఫులన్నింటినీ ఇలా మాటల్లో రాసుకున్న నోట్సు యూనికోడ్ తెలుగులో నా దగ్గర ఉంది. ఇక్కడే మెసేజ్ పెట్టండి, పంపిస్తాను.