చక్కెర అణువులతో దానంతటదే కట్టుకునే జెల్ చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

గిండీ_కెమిస్ట్రీ:
అందరికీ నమస్తే, చెన్నైలో ఎమ్మెస్సీ ఫైనల్ ఇయర్, మాది నెల్లూరు. ప్రాజెక్ట్‌కి చక్కెరతో స్మార్ట్ జెల్ చేద్దామనుకుంటున్నా, అంటే నీళ్ళలో అణువులు వాటంతట అవే పోగుల్లా అల్లుకోవాలి, యాసిడ్ తగిలితే విడిపోయి లోపలున్న మందు బయటికి రావాలి. మా మేడమ్ ఒకటే అడిగారు, గ్లూకోజ్ నీళ్ళలో కరిగిపోతుంది కదా, ఒకదాన్నొకటి ఎందుకు పట్టుకుంటాయి అని. తెలిసినవాళ్ళు కొంచెం వివరంగా చెప్పండి ప్లీజ్.

అడయార్_ల్యాబ్:
మేడమ్ అడిగింది అసలు ప్రశ్న తమ్ముడూ. గ్లూకోజ్‌లో ఉన్న ఐదు ఓహెచ్‌లూ (ఆక్సిజన్-హైడ్రోజన్ జతలు) నీళ్ళతోనే హైడ్రోజన్ బాండ్లు పెట్టుకుంటాయి, పక్కనున్న గ్లూకోజ్‌తో పనే ఉండదు. అందుకే మిథైల్ గ్లూకోసైడ్ (ఒక ఓహెచ్ దగ్గర మిథైల్ గుంపు తగిలించిన గ్లూకోజ్) తీసుకుని 4, 6 స్థానాల్లో ఉన్న ఓహెచ్‌లని బెంజిలిడీన్ అసిటాల్‌గా, అంటే బెంజీన్ రింగున్న ఒక వంతెనలా, కట్టేస్తారు, అప్పుడు ఒకవైపు నీళ్ళంటే పడని బెంజీన్ రింగు, ఇంకోవైపు మిగిలిన ఓహెచ్‌లు, రింగులు నీళ్ళకి దూరంగా ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి, ఓహెచ్‌లు పక్కదాన్ని పట్టుకుంటాయి, అలా పోగులు పెరిగి వలై నీళ్ళని ఆపేస్తాయి. సార్బిటాల్ అనే చక్కెర ఆల్కహాల్‌తో చేసే డీబీఎస్ (డైబెంజిలిడీన్ సార్బిటాల్) కూడా ఇలాంటిదే, 1891 నుంచీ తెలుసు. నీకు కావాల్సిన స్విచ్ కూడా ఆ అసిటాలే, యాసిడ్‌లో అది తెగితే రింగు ఊడిపోతుంది, జెల్ నిలవదు. మామూలు బెంజిలిడీన్ కాస్త మొండిది, పారా మెథాక్సీది (ఆ రింగుకి మెథాక్సీ గుంపు తగిలించినది) తొందరగా తెగుతుంది, నేనైతే దాంతోనే మొదలుపెడతా.

తాంబరం_పీహెచ్‌డీ:
ఒక్క చక్కెరతో ఆగకండి. జపాన్‌లో షింకాయ్ గ్రూప్ 2000 ప్రాంతంలో ఇదే అసిటాల్‌ని వేరేవేరే చక్కెరల మీద పెట్టి చూశారు, ఒక్క ఓహెచ్ దిశ మారినా ఏ ద్రావకంలో జెల్ అవుతుందో మారిపోయింది. కాబట్టి గ్లూకోజ్, మ్యానోజ్, గాలక్టోజ్ మూడూ చేయండి. ట్యూబ్ తిరగేసి జారలేదని రాసేస్తే సరిపోదు, రియోమీటర్‌లో (పదార్థం ఎంత గట్టిగా, ఎంత జారుడుగా ఉందో కొలిచే యంత్రం) జీ ప్రైమ్ విలువ, అంటే ఘనంలా సాగి వెనక్కొచ్చే గుణం, జీ డబుల్ ప్రైమ్ కంటే, అంటే ద్రవంలా జారే గుణం కంటే, ఎక్కువుందని చూపించాలి. వేడిచేసి కరిగించాక చల్లార్చే వేగం కూడా రాసుకోండి, తొందరపడితే ఒక్కోసారి జెల్ బదులు ముద్ద దిగిపోతుంది.

వేలచ్చేరి_రమ:
సింథసిస్‌కి టైమ్ లేకపోతే ఆల్జినేట్ అనే చక్కెర గొలుసు ఉంది కదా, మండపం వైపు సముద్రంలో దొరికే సర్గాసమ్ నాచులోదే. కాల్షియం అయాన్లు దానిలోని గులురోనిక్ అనే చక్కెర ఆమ్లం ముక్కల మడతల మధ్య కూర్చుని గొలుసుల్ని కలిపేస్తాయి. కానీ యాసిడ్‌లో అది విడిపోదు, ఇంకా ముడుచుకుంటుంది, అందుకే మందు పొట్ట దాటి పేగుల్లో విడుదలవ్వాలంటే బాగా పనికొస్తుంది. నీకు మందు ఎక్కడ కావాలో చెప్పలేదు?

గిండీ_కెమిస్ట్రీ:
పొట్టలోనే అక్కా, అందుకే అసిటాల్‌కే వెళ్తా. పారా మెథాక్సీది ముందు మ్యానోజ్‌తో చేసి, తర్వాత మిగతా రెండూ పెడతా. రియోమీటర్ స్లాట్ కోసం రేపే మేడమ్‌ని అడుగుతా. అందరికీ చాలా థాంక్స్!