తాగుడు అలవాటున్నవారికి వైద్యం చేయడం డాక్టర్లకు ఎలా నేర్పాలి?

ప్రశ్న (డ్యూటీ డాక్టరు, మారతహళ్లి, బెంగళూరు):
ఎంబీబీఎస్ ముగించి నాలుగేళ్లుగా ఇక్కడి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. ఈమధ్య కాలు విరిగి చేరిన అనంతపురం తాపీమేస్త్రీ ఒకాయన, మూడో రోజు రాత్రి చేతులు వణుకుతుండగా దుప్పటి మీద లేని చీమలను ఏరడం మొదలుపెట్టారు. కేసు షీటులో అలవాట్ల దగ్గర ‘ఏమీ లేవు’ అని రాసింది నేనే. తాగుతారా అని వాళ్ల అన్నగారి ఎదుట అడిగాను, రోగి లేదన్నారు. రోజూ తాగే మనిషి హఠాత్తుగా మానడం వల్ల వచ్చిన డెలీరియం (మతి తప్పిన స్థితి) అని సీనియరు గుర్తించి లోరజెపామ్ అనే మత్తుమందు, థయమిన్ (విటమిన్ బి1) ఇచ్చేదాకా నాకు తట్టనే లేదు. పుస్తకంలో చదివిందే అయినా సమయానికి గుర్తు రాలేదు. మాలాంటివారికి ఎలాంటి శిక్షణ పనికొస్తుంది?

జవాబు 1 (సైకియాట్రిస్టు):
తప్పు మీ ఒక్కరిది కాదు. ఎంబీబీఎస్‌లో సైకియాట్రీకి విడిగా పరీక్ష లేదు, జనరల్ మెడిసిన్‌లో భాగంగా అడుగుతారు కనుక విద్యార్థులు దానికి ఇచ్చే సమయమూ అంతంతే. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ నిర్వహించిన 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, మద్యం సమస్య ఉన్నవారిలో సుమారు 86 శాతం మందికి చికిత్స అందడం లేదు. వారు మా దగ్గరికి రారు. కడుపునొప్పి అనో, బీపీ అనో మీ దగ్గరికే వస్తారు. నిమ్హాన్స్ తన వర్చువల్ నాలెడ్జ్ నెట్‌వర్క్ ద్వారా డాక్టర్లతో ఆన్‌లైన్‌లో కేసులు చర్చిస్తుంది, అందులో చేరండి.

జవాబు 2 (ఫిజీషియన్):
ఆన్‌లైన్ చర్చ మంచిదే, కానీ అడిగే తీరు మాత్రం పెద్దవారి పక్కన కూర్చుని చూస్తేనే పట్టుబడుతుంది. ‘తాగుతారా?’ అంటే ‘లేదు సార్’ అనే వస్తుంది. బంధువులను బయటికి పంపి, ‘చివరిసారి ఎప్పుడు తాగారు? పొద్దున తాగకపోతే చేతులు వణుకుతాయా?’ అని అడగాలి. తాగుడు సమస్యను పసిగట్టేందుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ‘ఆడిట్’ ప్రశ్నలు పదే. అడ్మిషన్ ఫారంలో అచ్చువేస్తే ఎవరూ మరచిపోరు. రాత్రి వణుకును ముందు చూసేది నర్సులు కనుక, గ్లూకోజు ఎక్కించేముందు థయమిన్ ఇవ్వాలన్న సంగతితో సహా ఈ శిక్షణ వారికీ అందాలి.

జవాబు 3 (తాగుడు అలవాటున్న మరో రోగి అక్క):
నేను డాక్టరును కాను. ఒక ఆసుపత్రిలో ‘సిగ్గు లేదా?’ అన్నారని మా తమ్ముడు రెండేళ్లు ఏ డాక్టరు గడపా తొక్కలేదు. ఆ తర్వాత ఇంకొక డాక్టరుగారు ‘నిద్ర పట్టక ఎన్నాళ్లయింది బాబూ?’ అని అడిగితే, వాడు అరగంటసేపు ఆపకుండా చెప్పాడు. మందుల మోతాదులతోపాటు ఆ ప్రశ్న కూడా నేర్పించండి.