చార్మినార్ స్కెచ్: కమానులు సరే, మినార్ల గ్యాలరీలు ఎలా?

స్కేలు లేకుండా కట్టడాలు గీసే అలవాటున్నవాళ్లు కాస్త చెప్పండి. ఏ4 పుస్తకం, 2బి పెన్సిల్. గుల్జార్ హౌజ్ ఫౌంటెన్ వైపు, చార్మినార్‌కి సుమారు 85 మీటర్ల దూరంలో, రెండు ముఖాలూ కనబడేలా ఓ పక్కకి జరిగి స్టూలు వేసుకుంటే కంటి రేఖ (మన కళ్లున్న ఎత్తు) నేలకి 1.2 మీటర్ల ఎత్తున పడుతుంది. అంటే దాదాపు కట్టడమంతా దానికి పైనే.

కమానుతో పేచీ లేదు. చుట్టూ పెట్టె గీసి, ఎదురెదురు మూలలు కలిపి, ఆ గీతలు ఖండించుకున్న చోట నిలువు గీత లేపితే మొన దాని మీదే ఉంటుంది. కాగితం మీద సగం కొలిచి పెడితే మాత్రం మొన మన వైపుకి జరిగి, కమాను వాలినట్టు కనబడుతుంది.

చిక్కంతా మినార్లతోనే. వాటి చుట్టూ బాల్కనీల్లా తిరిగే గ్యాలరీలు కంటికి దీర్ఘవృత్తాలుగా కనబడతాయి, అవి పైకి వెళ్లేకొద్దీ గుండ్రబడాలి. లెక్కకి, కంటి రేఖ నుంచి ఎత్తుని దూరంతో భాగిస్తే చాలు: 20 మీటర్ల ఎత్తు దగ్గర దీర్ఘవృత్తం నిలువు మందం దాని వెడల్పులో సుమారు పావు వంతు, 45 దగ్గర దాదాపు సగం. చేత్తో వేసేటప్పుడు అన్నీ ఒకే మందంతో వస్తున్నాయి, పైగా పొడుగు అక్షం పక్కకి వాలిపోతోంది. మినారు రేకు డబ్బాలా ఉంటోంది!

వెనక సగంతో సహా పూర్తి వృత్తం తేలిగ్గా తిప్పి, తర్వాత ముందు భాగాన్ని ముదురు చేస్తారా? లేక పైదీ కిందిదీ ముందు వేసి, మధ్యవి అందాజుగా సర్దుతారా? గచ్చు నగిషీ ఎంతవరకు వదిలేయొచ్చు?