అమికాసిన్ రెండు పూటలా, ఒక్క పూటా?

గుంటూరు కోడలు (శనివారం రాత్రి)

మా అత్తగారికి 72 ఏళ్లు. మూత్రంలో ఇన్ఫెక్షన్, చలిజ్వరం. ఇక్కడ ఒక నర్సింగ్ హోమ్‌లో చేర్చాం. అమికాసిన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ 500 మి.గ్రా. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి ఇస్తున్నారు, ఇవాళ్టికి మూడో రోజు. బర్మింగ్‌హామ్‌లో డాక్టరుగా ఉన్న మా మరిది ఫోన్లో విని, "ఇంకా రెండు పూటలా ఇస్తున్నారా వదినా? మేం రోజు డోసంతా ఒకేసారి ఇచ్చేస్తాం" అన్నాడు. ఒకేసారి అంత ఎక్కిస్తే కిడ్నీలు ఏమవుతాయోనని మా ఆయన భయం. డాక్టరు గారిని అడిగితే, "కిడ్నీ రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.0, నార్మల్. టెన్షన్ పడకండి" అన్నారు. ఎవరి మాట వినాలి?

ఫార్మకాలజీ పీజీ

మీ మరిది గారి మాటే సరైంది అక్కా. పెన్సిలిన్ రకం మందులు రక్తంలో గంటల తరబడి నిలిచి ఉంటేనే పనిచేస్తాయి. అమికాసిన్, జెంటామైసిన్ అలా కాదు. ఇవి బ్యాక్టీరియాలో ప్రొటీన్లు తయారుచేసే రైబోజోమ్‌లోని 30ఎస్ భాగానికి అతుక్కుని తప్పుడు ప్రొటీన్లు తయారయ్యేలా చేస్తాయి. మందు ఎంత ఎక్కువ గాఢతలో తగిలితే అంత వేగంగా చంపుతాయి. బ్యాక్టీరియా పెరుగుదలను ఆపే కనీస గాఢతకు 8 నుంచి 10 రెట్లు పీక్ (రక్తంలో మందు చేరే గరిష్ఠ గాఢత) రావాలన్న లెక్క 1987 నుంచీ ఉంది. డోసును రెండుగా విరగ్గొడితే ఆ ఎత్తు అందదు.

ఇక కిడ్నీ సంగతి. ఆర్టీసీ బస్సు అనుకోండి. స్టాండులో వంద మంది ఉన్నా, నాలుగొందల మంది ఉన్నా ఒక బస్సులో పట్టేది అంతే. కిడ్నీ గొట్టాల్లోని కణాలకు ఈ మందును లోపలికి లాక్కునే మెగాలిన్ అనే ద్వారం ఉంటుంది, దాని సామర్థ్యమూ అలాగే పరిమితం. జనం ఒకేసారి వచ్చి వెళ్లిపోతే తర్వాతి బస్సులు ఖాళీగా పోతాయి. రోజంతా కొద్దికొద్దిగా నిలబడి ఉంటేనే ప్రతి బస్సూ నిండుతుంది. అందుకే ఒకేసారి ఇస్తే కిడ్నీ కణాల్లో చేరే మందు తక్కువ.

చిన్న ఊరి ఫిజీషియన్

తమ్ముడూ, బస్సు బాగా తోలావు. కానీ డబ్బాలో వచ్చే కాగితం మీద ఏముందో కూడా చెప్పు. కిలోకు రోజుకు 15 మి.గ్రా., రెండు మూడు భాగాలుగా అని ఉంటుంది. రేపు ఏదైనా జరిగితే నన్ను అడిగేది ఆ కాగితం చూపించే. పైగా కిడ్నీలు బాగున్నవాళ్లలో ఈ మందు రక్తంలో సగానికి తగ్గడానికి రెండు మూడు గంటలు చాలు. ఒక్క డోసిస్తే రాత్రంతా రక్తంలో మందే ఉండదు. జ్వరంతో వణుకుతున్న పేషెంట్‌ను అలా వదిలేయమంటావా?

అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ ఆసుపత్రి వాళ్లు 1995లో 2184 మందికి ఒకే డోసు ఇచ్చి, కిడ్నీ దెబ్బతిన్నది 1.2 శాతమేనని రాశారు. మంచిదే. కానీ పక్కన పోల్చుకోవడానికి అదే సమయంలో రెండో గుంపు ఏది? పోల్చి చూసిన తర్వాతి ట్రయల్స్‌లో వ్యాధి నయం కావడంలో పెద్ద తేడా లేదు, కిడ్నీకి కలిగిన మేలూ కొద్దిపాటిదే.

ఫార్మకాలజీ పీజీ

రక్తంలో మందు లేనంత మాత్రాన బ్యాక్టీరియా వెంటనే లేచి కూర్చోదు సార్, దెబ్బ తిన్నాక కొన్ని గంటలు పెరగలేదు. మొదటి డోసు తగలగానే మందును లోపలికి రానివ్వడం కూడా తగ్గించుకుంటుంది. ఆ సమయంలో రెండో డోసిస్తే అంతగా పనిచేయదు. విరామం ఇస్తే మళ్లీ లొంగుతుంది. మీ మిగతా మాట ఒప్పుకుంటాను: లాభం చిన్నదే. గుండె కవాటాల ఇన్ఫెక్షన్లలో కొన్నిటికి, పెద్ద కాలిన గాయాలకు ఈ లెక్క నేరుగా పనికిరాదు.

ఒంగోలు అబ్బాయి

బస్సు కథ కిడ్నీ వరకే అన్నా. మా నాన్నకు మొండి టీబీ వస్తే నెలల తరబడి ఇదే జాతి మందు కనామైసిన్ ఇచ్చారు. రోజుకు ఒకటే ఇంజెక్షన్. అయినా రెండు చెవులూ పోయాయి. మొదట టీవీ సౌండ్ పెంచమనేవాడు, వయసు వల్ల అనుకున్నాం. సన్నగా కీచుమనే శబ్దాలు ముందు పోతాయనీ, మాటలు వినబడకుండా పోయేసరికి చాలా ఆలస్యం అవుతుందనీ, పోయిన చెవి కణాలు మళ్లీ రావనీ మాకెవరూ చెప్పలేదు. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మందును వాడొద్దంది. మాకు ఉపయోగం లేదు.

ఫార్మకాలజీ పీజీ

క్షమించండి, చెవి గురించి నేను మాట్లాడనే లేదు. ఒక్క డోసుతో చెవికి రక్షణ ఉంటుందని ట్రయల్స్‌లో తేలలేదు. అక్కడ ఎన్ని రోజులు ఇచ్చారన్నదే పెద్ద లెక్క. తల్లి నుంచి వచ్చే మైటోకాండ్రియా డీఎన్‌ఏలో 1555వ స్థానం దగ్గర ఒక్క అక్షరం మారినవాళ్లకైతే మామూలు డోసుకే వినికిడి పోవచ్చు. ఇంగ్లండ్‌లో పసిపిల్లలకు జెంటామైసిన్ ఇచ్చే ముందు ఆ మార్పును అరగంటలోపే కనిపెట్టే పరీక్షను కొన్నిచోట్ల వాడి చూశారు.

ఐసీయూ సిస్టర్

ఇంతమంది ఇన్ని మాట్లాడారు, ఆమె బరువెంతో ఎవరూ అడగలేదు. వయల్ 500 కాబట్టి అందరికీ 500. నలభై కిలోల ముసలమ్మకూ అదే, ఎనభై కిలోల పెద్దాయనకూ అదే. ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను.

గుంటూరు కోడలు

42 కిలోలు సిస్టర్. అడ్మిషన్‌లో తూచలేదు. పోయిన నెల ఇంట్లో తూచాం.

చిన్న ఊరి ఫిజీషియన్

అయితే ఒకటా రెండా అన్న గొడవ పక్కన పెడదాం. 42 కిలోలకు రోజు మోతాదు 630 మి.గ్రా. ఆమెకు వెళ్తున్నది 1000. కిలోకు దాదాపు 24.

క్రియాటినిన్ 1.0 అని నార్మల్ అనేశారు. ఆ వయసులో, ఆ బరువులో కండే తక్కువ, అందుకే క్రియాటినిన్ కూడా తక్కువగానే కనిపిస్తుంది. వయసు, బరువు కలిపి లెక్క కట్టాలి. 140 లోంచి 72 తీస్తే 68, దాన్ని 42తో గుణించి 72తో భాగించాలి (ఈ 72 వయసు కాదమ్మా, సూత్రంలోదే), ఆడవాళ్లకు మళ్లీ 0.85తో గుణించాలి. క్లియరెన్స్, అంటే కిడ్నీ రక్తాన్ని శుభ్రం చేసే వేగం, నిమిషానికి 34 మి.లీ. వస్తుంది. ఈ మందు దాదాపు మొత్తం బయటికి పోయేది కిడ్నీ గుండానే. జెంటామైసిన్‌కు హార్ట్‌ఫర్డ్ వాళ్లు వేసిన పట్టికలో 40 నుంచి 59 ఉంటే 36 గంటలకు ఒకసారి, 20 నుంచి 39 ఉంటే 48 గంటలకు. మీ మరిది చెప్పినట్టు రోజుకొకటి ఇచ్చినా ఈమెకు ఎక్కువే.

మా ఊళ్లో రక్తంలో మందు లెవెల్ చూసే ల్యాబ్ లేదు. అందుకే కల్చర్ రిపోర్ట్ (ఏ బ్యాక్టీరియానో, దానికి ఏ మందు పనిచేస్తుందో చెప్పేది) రాగానే వీలైతే వేరే మందుకు మార్చేస్తాను. మీరు మీ డాక్టరు గారిని బరువు, క్లియరెన్స్ గురించి నేరుగా అడగండి. తప్పు పట్టినట్టు కాకుండా.

గుంటూరు కోడలు (ఆదివారం రాత్రి)

అడిగాను. ఆయన కాగితం మీద లెక్క వేసుకుని, కాసేపు ఏమీ అనలేదు. తర్వాత రాత్రి డోసు ఆపించారు. క్రియాటినిన్ మళ్లీ చేస్తే 1.3. కల్చర్ రేపు వస్తుందట. జ్వరం తగ్గింది.

ఐసీయూ సిస్టర్

మంచిది. చెవుల్లో ఈలలు, నడుస్తుంటే తూలడం ఉన్నాయేమో రోజూ అడగండి. ఇంకొకటి, ఇంటి దగ్గర వేసుకునే మందులు ఏమైనా ఉన్నాయా? లాసిక్స్ లాంటి, ఒంట్లో నీరు తీసే మాత్రలు?

గుంటూరు కోడలు

ఉంది సిస్టర్. కాళ్ల వాపుకు రోజూ ఒకటి, రెండేళ్లుగా. ఇక్కడ కూడా మేమే ఇస్తున్నాం, డబ్బా ఆమె దిండు కింద ఉంటుంది. ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు.

చిన్న ఊరి ఫిజీషియన్

పొద్దున దాకా ఆగొద్దమ్మా. ఆ మాత్ర, ఈ ఇంజెక్షన్ కలిస్తే చెవులకు ముప్పు పెరుగుతుంది. డ్యూటీ డాక్టరుకు ఇప్పుడే చెప్పండి.